నా వాటా మిషను

తప్పు నాదే అని క్లర్కు సారు టైపు కొట్టి తెచ్చిన కాయిదం మీద నేను నిశాని ఎయ్యలే. బొటనేలు ముంచే సిరా డబ్బకు మూత సుత తీసి పెట్టిండ్రు. నేను చెయ్యి కొంగుల చుట్టుకొని నిలవడ్డ. ఎయ్యకపోతే నౌకరి పోతదన్నరు. పోతే పోనియ్యి, ఎయ్య అన్న. ఆ ముచ్చట చెప్పాలంటే ముందుగాల కంప్యూటరు ముచ్చట చెప్పాలె. నేను చెప్తాంటె నా కోడలు రాస్తాంది. దిద్దకు, నేనెట్లంటే అట్లనే రాయి అని ముందే చెప్పిన.

మాది మగ్గాల ఇల్లు. కొత్తవాడల పవర్లూము షెడ్డుల కండెలు చుట్టుకుంట పెరిగిన. పెండ్లయినంక నా పెనిమిటి హన్మకొండ దిక్కు ఒక కాలేజీల వాచ్‌మన్‌గ కుదిరిండు. పదకొండేండ్లు చేసి టెంపరోరీగనే సచ్చిపోయిండు. కామెర్లయితే నాటుమందు తాపుకుంట కూసున్నం, దవాఖానకు తీస్కపోయేటాళ్లకు చెయ్యి దాటింది. ఆయన పేరు మీద నాకు ఊడ్సే పని ఇచ్చిండ్రు. అది సుత టెంపరోరీయే.

పంతొమ్మిదొందల ఎనభై దాటినంక నన్ను కంప్యూటరు బిల్డింగుకు ఏసిండ్రు. ఎవ్వలూ పోతామనలే ఆడికి. ఎండకాలం సుత లోపల పూసమాసం సలి లెక్క ఉంటది, చెప్పులు బయట విడువాలె, నీళ్ల బకెట్టు గల్మ దాటొద్దు. అద్దాల అర్రల బీరువలంత డబ్బలు వరుసగ నిలవెట్టి ఉండేటియి. నేను పొడిబట్టతోని తుడుసుకుంట, నా పెనిమిటి పాత స్వెటరు ఏసుకొని తిరిగేది.

మొదట్ల ఆ మిషను కాడికి ఎవలనూ రానిచ్చేటోళ్లు కాదు. సదువుకునే పిల్లలైనా సార్లైనా అట్టముక్కలకు బొక్కలు కొట్టుకొని, కట్టగట్టి, కిటికీల నుంచి ఇయ్యాలె. లోపలున్న ఆపరేటరు వాటిని మిషనుకు తినిపిస్తడు. జవాబు రేపో ఎల్లుండో. ఒక్క చుక్క తప్పు పడ్డా మల్ల మొదటికే. ఆ కిటికీ కాడ మొకాలు ఏలాడేసుకొని నిలవడ్డోళ్లను చూస్తే నాకు చక్కెర కోసం రేషన్ దుకాణం ముందు లైను కట్టినోళ్లు యాదికొచ్చేది.

ఆ కిటికీని మూసేయించింది మేడం. బెజవాడ దిక్కు మనిషి, ముప్పై ఏండ్లుంటయేమో, మిషను పని చూసుకోను కొత్తగ వచ్చింది, ఇంకా పర్మినెంటు కాలే. బయటి అర్రల ఎనిమిది టీవీల లెక్కటి తెరలు పెట్టించింది. ఎవలది వాళ్లే కూసొని కొట్టుకోవచ్చు. ఆమె బడి నుంచి వచ్చిన పిల్ల లెక్క వరండాల స్టూలు మీద కూసొని టిఫిను తినేది. నేను ఆన్నే కింద కూసొని నా జొన్నరొట్టె తినేది. ఒకనాడు అడిగిన. మిషను ఒక్కటే ఉంది గద మేడం, ఎనిమిదిమంది ఒక్కపారి కొడితె అది ఎవలి మాట ఇంటది, లొల్లి గాదా అని.

ఆమె చెంచ పక్కకు పెట్టి చెప్పింది. ఉన్నది ఒక్కటే ఇనుముగని, అది లోపల లోపలనే ఎంతమందుంటే అన్ని మిషన్ల లెక్క విడిపోతదట. ఒక్కొక్కలకు ఒక్కొక్క పూర మిషను ఇచ్చినట్టు కనవడతదట. పక్కన ఇంకొకడు ఉన్నడన్న సంగతి సుత వాళ్ల మిషనుకు తెల్వదట. నడుమ గోడ. ఎవలి మిషను వాళ్లు మొదలువెట్టుకోవచ్చు, ఆపుకోవచ్చు, పాడుచేసుకోవచ్చు. పాడైతె వాళ్లదే పాడైతది, పక్కోడిది మంచిగ నడుస్తనే ఉంటది. వర్చువలో ఏదో పేరు చెప్పింది. నాకు నోరు తిరగలే. వాటా మిషను అన్న.

షెడ్డు ముచ్చట నేను ఆమెకు చెప్పిన. ఒక్క మోటరు ఉంటది. కప్పు కింద పొడుగ్గ ఇనుప రాడు తిరుగుతది. దాని మీదికెళ్లి ఒక్కొక్క మగ్గానికి ఒక్కొక్క తోలు పట్టా దిగుతది. నా మగ్గం మీద పోగు తెగితే నా పట్టా తప్పిస్త, నాదొక్కటే ఆగుతది, పక్కామె మగ్గం టకటక కొట్టుకుంటనే ఉంటది. గంతేనా అన్న. మేడం పడి పడి నవ్వింది.

"అక్కా, మూడు రోజుల్నించి పెద్దసారుకి ఇదే చెప్తున్నా. నువ్వు రొట్టె తినేలోపు పట్టేశావు."

అయితె నాకు సుత ఒక మిషను ఇయ్యి మేడం అన్న. పరాష్కానికే అన్న. ఆమె నవ్వుడు ఆపి నా మొకం చూసింది. కాలేజీల పనిచేసే ఎవలికన్న ఇయ్యొచ్చని రూలుందట. ఏం చేసుకుంటవు అని అడిగింది. అక్షరాలు నేర్సుకుంట అన్న. అది పరాష్కం కాదు. నన్ను పర్మినెంటు చెయ్యాలంటే నిశాని గాదు, దస్కత్ పెట్టరావాలె, మిషనుకు ఎక్కించే టేపుల మీద ఉన్న ఇంగిలీషు అక్షరాలు, నంబర్లు గుర్తువట్టాలె అని ఆఫీసుల చెప్పిండ్రు. తెలుగే నేను కూడవలుక్కుంట సదివేది. బడి మొకం రెండేండ్లే చూసిన.

ఎనిమిది మిషన్లు ముందే పంచిండ్రు కాబట్టి నాది తొమ్మిదో నంబరు అయింది. ప్రింటరు ఎనుక గుడ్డిగ వెలిగే ఒక పాత తెర ఉండె, ఎవలూ ముట్టకపోయేది. అది నాకు. పగటి బువ్వకు అందరు హాస్టలుకు పోయినంక నేను కూసునేది. మేడం దాంట్ల ఒక ఆట లెక్క చేసిపెట్టింది. తెర మీద ఒక అక్షరం వస్తది, నేను అసొంటిదే ఎతికి నొక్కాలె. కరెక్టయితే ఇంకోటి వస్తది. తప్పయితే టింగుమంటది. మొదటి నెలంత టింగుటింగే.

ఒక పోరడు, పెద్ద సదువు సదివేటోడు, తలకాయ లోపలికి వెట్టి ఏం ప్రోగ్రాం రాస్తానవ్ ఆయమ్మా, చీపురు ప్రోగ్రామా అన్నడు. దినాం నీది కూలిపోతాంది గద తమ్మీ, గది ఊడ్సే ప్రోగ్రాం అన్న. మల్ల నా జోలికి రాలే.

నా తప్పు సుత చెప్త, దాసిపెట్ట. మిషను నడువంగనే ఇడిసిపెట్టి నేను ఊడ్వబోయేది. ఆపి మల్ల మొదలువెట్టాలంటే శానసేపు పట్టేది, నాకు ఉన్నదే గంట. ఊడ్సి వచ్చి చూస్తే అక్షరం నాకోసం అట్లనే నిలవడి ఉండేది. మగ్గం నడువంగ ఇడిసి పోవద్దని షెడ్డుల మా అమ్మ సంపేది. ఆ బుద్ధి ఈడ నాకు రాలే.

ఇట్ల ఆరు నెలలు నడిసింది. అప్పుడు పెద్దసారు, అంటే ఆ బిల్డింగు మొత్తానికి పెద్ద, బయటి కంపెనీ ఒకదాన్ని తోల్కొచ్చిండు. వాళ్ల మనుషులు పన్నెండుమంది నేర్సుకుంటరు, పన్నెండు మిషన్లు ఇయ్యాలె అన్నడు. అన్ని తెరలు వాళ్లే తెచ్చుకున్నరు. మేడం వద్దన్నది. లోపల అంత జాగ లేదు సార్ అని రెండుసార్లు అన్నది, నేను తలుపు కాడ ఇన్న. "పేరుకే మిషను కదమ్మా, ఇనుము కొనాలా ఏమన్నానా? ఇచ్చేయ్" అన్నడు. ఇచ్చింది.

మూడోనాడు పగటీలి బువ్వకు సుత పోకుంట అందరు ఒక్కపారి కూసున్నరు. నేను సుత నా మిషను మొదలువెట్టి ఊడ్వబోయిన. కొంచెంసేపటికి తెరల మీద అక్షరాలు నత్త లెక్క నడుసుడు మొదలయింది. ఇగ మొత్తం ఆగింది. లోపల అద్దాల అర్రల డిస్కులుండే డబ్బలు మాత్రం ఆగలే. గడగడ వణుకుతానయ్, కింద బండ సుత అదురుతాంది. ఆపరేటరు చేసి చేసి చేతగాక మొత్తం బందువెట్టి మల్ల మొదలువెట్టిండు. అందరి పని పోయింది. ఒక ముసలి ప్రొఫెసరు సారు, వంతెనల లెక్కలు చేసేటోడు, మూడు దినాల సంది నడుస్తాన లెక్క పోయింది. కుర్సీల కూలవడ్డడు పాపం.

పెద్దసారు ఉరికొచ్చిండు. అందరికంటె ఆఖరికి మొదలువెట్టింది ఎవలని అడిగిండు. ఆపరేటరు కాయిదం చూసి తొమ్మిది అన్నడు. తొమ్మిది ఎవరు అని అడిగిండు. నేను చీపురు పట్టుకొనే నాదే సార్ అన్న. ఆయన నన్ను చూసిండు, మేడాన్ని చూసిండు. ఊడ్చేదానికి కంప్యూటరా అన్నడు. ఆన్నే లాగు పుస్తకంల రాయించిండు. దినాం మిషను ఎప్పుడు లేసింది, ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది, అన్నీ ఆ పుస్తకంల రాస్తరు. తొమ్మిదో నంబరు, స్వీపరు మిషను వల్ల ఆగింది అని రాసిండ్రు.

ఆ మాపటికి సుబేదారి దాంక నడిసే వచ్చిన, బస్సు ఎక్కబుద్ది కాలే. ఇడిసిపెట్టి పోయింది నిజమే గద, నాతోనే అయిందేమో అని నాకే అనుమానం. నడుస్తాంటే ఆ డబ్బల వణుకుడు చెవులనే ఉంది. ఆ సప్పుడు నేను యాడనో ఇన్న. యాడ ఇన్న, యాడ ఇన్న అనుకుంట ఇంటికొచ్చి కాళ్లు కడుగుతాంటే యాదికొచ్చింది. నేను చిన్నగున్నప్పుడు మా షెడ్డు సేటు ఆశకు పోయి అదే మోటరు మీద ఇంకా నాలుగు మగ్గాలు ఎక్కించిండు. మోటరు మూలిగింది, రాడు గుంజలేక అదిరింది, పట్టాలు జారినయ్, షెడ్డు షెడ్డంత ఆగింది. అచ్చం గదే సప్పుడు. అప్పుడు సుత సేటు ఏమన్నడు? ఆడోళ్లు మగ్గాలు సక్కగ పట్టలే అన్నడు.

తెల్లారి క్లర్కు సారు కాయిదం తెచ్చిండు. ఆఫీసులల్ల ఇదొక రివాజు. ఏదన్న పాడైందనుకో, అందరికంటె కిందున్నోళ్లతోని తప్పు నాదే, మన్నించుండ్రి అని రాపిచ్చుకుంటరు. ఇగ ఆ ముచ్చట ఆడికి బందు. పైనోళ్లు అడిగితె చూపియ్యడానికి ఒక కాయిదం ఉంటది. ఏం కాదు, ఒట్టి కాయిదమే, నిశాని ఎయ్యమ్మా, టీ తాగి పోదాం అన్నడు క్లర్కు సారు. చెడ్డ మనిషి కాదు. నిజంగనే ఏం కాదనుకున్నడు.

కని నాకు ఎరుక. నా పెనిమిటి వాచ్‌మన్‌గ ఉన్నప్పుడు ల్యాబుల ఒక ఫ్యాను పోయింది. ఆయన ఆనాడు సెలవుల ఉండె, అయినా తప్పు నాదే అని నిశాని ఏయించుకున్నరు. ఏం కాదు ఒట్టి కాయిదమే అన్నరు. పర్మినెంటు లిస్టు తీసిన ప్రతిసారి ఆ ఒట్టి కాయిదం ఫైలుల నుంచి బయటికొచ్చేది. మనిషి మట్టిల కలిసినంక సుత, నాకు ఈ పని ఇచ్చేటప్పుడు, ఆ కాయిదం తీసి నా ముందటనే సదివిండ్రు.

మా వదినెకు చెప్తె నన్నే తిట్టింది. ఆమె ఎనుమాముల మార్కెట్ల మిర్పకాయ కుప్పలకాడ పనికి పోయేది. ఏసి పడెయ్యి, లేకుంటె నాతోని మిర్పకాయకు రా అన్నది. నాకు ఆ ఘాటు పడది, ఒక్కదినం పోతె వారం దగ్గుత. అది ఆమెకు తెలుసు. అయినా ఎయ్య వదినె అన్న. అయితె దగ్గుకుంట సావు అని నా పళ్లెంల ఇంకింత బువ్వ పెట్టింది.

రెండుదినాలు చూసి పెద్దసారు అర్రలకు పిలిపిచ్చిండు. క్లర్కు సారు, మేడం, వంతెనల ప్రొఫెసరు సారు అందరు ఉన్నరు. బల్ల మీద కాయిదం, సిరా డబ్బ.

"ఏమ్మా, నీకు ఉద్యోగం కావాల్నా వద్దా?"

"కావాలె సార్. గందుకే ఎయ్య."

ఆయన నవ్విండు. నేను ఆగలే. నా మిషను ఒక్కటి బందువెట్టుండ్రి, మిగిలిన ఇరువై నడుపుండ్రి అన్న. అవి మంచిగ నడిస్తె ఇదే డబ్బల ఏలు ముంచి ఒకటి కాదు, పది నిశానీలు ఏస్త అన్న. నువ్వు నాకు పరీక్ష పెడుతున్నావా అన్నడు. నేనెక్కడి పరీక్ష సార్, నడుమ గోడ ఉందా లేదా మేడాన్నే అడుగుండ్రి అన్న.

మేడం కిందికి చూస్తాంది. ఆమె పర్మినెంటు సుత ఆయన చేతులనే ఉంది, నాకు తెల్వదా? కని నాకు ఇంకెవలున్నరు చెప్పెటోళ్లు? ఇగురంగ అడిగేంత ఓపిక నాకు లేదు.

"బిడ్డా, టిఫిను తినుకుంట నాకు చెప్పిన మాటే. గదే ఈడ చెప్పు."

ఆమె తల లేపింది.

"ఒకరి మిషను పడిపోతే ఇంకొకరిది పడదు సార్. అందుకే కదా ఇది పెట్టుకున్నాం. ఆమె చెప్పినట్టు తొమ్మిది ఆపి చూద్దాం."

పెద్దసారు కాదననీకే నోరు తెరిసిండు. ప్రొఫెసరు సారే అడ్డమొచ్చిండు. ఎవరు క్షమాపణ చెప్తే నాకేంటండీ, నా లెక్క మళ్లీ మొదలుపెట్టాలి, అది మళ్లీ పోకూడదు, చూడండి అన్నడు. పెద్దసారు ఆయన మాటను తీసెయ్యలేకపోయిండు.

మరునాడు పదిగంటలకు చూసిండ్రు. ముందుగాల పాత ఎనిమిదిమందిని, నన్ను కూసోవెట్టిండ్రు. మేడం కావాల్నని నా మిషనును కూలగొట్టింది. ఏం చేసిందో నాకు తెల్వదు, నా తెర మీద పిచ్చి పిచ్చి గీతలు వచ్చి ఆరిపోయింది. ప్రింటరు ఇవతలి తెర కాడ ప్రొఫెసరు సారు టైపు కొట్టుకుంటనే ఉన్నడు. నాది పోయిందని ఆయనకు ఎరుకే లేదు. తల సుత ఎత్తలే.

ఇగ నాది బందు. నేను లేసి చీపురు పట్టుకొని అద్దాల అర్ర కాడికి పోయి నిలవడ్డ. కంపెనీ మనుషులు ఒక్కొక్కలు మొదలువెట్టిండ్రు. నలుగురు వచ్చేదాంక ఏం కాలే. ఎనిమిదోడు వచ్చేటాళ్లకు డబ్బల సప్పుడు మారింది. పట్టా బిగుసుకున్నట్టు మూలుగుడు. ఆఖరోడు కూసున్నడో లేదో కింద బండ అదిరింది. ఆగిందా అని నేను తిరిగి చూడలే. నాకు ఆ సప్పుడు సాలు. అర్రల అందరి తెరల మీద అక్షరాలు సగం వచ్చి నిలవడ్డయట. అందరి కండ్లు ప్రింటరు ఎనుక ఉన్న నా తెర దిక్కు పోయినయట. అది నల్లగ ఉంది.

మేడం అందరికీ చెప్పింది. మిషనుల ఉన్న జాగ కొంచెమే, ఒక్కొక్కలకు పూర జాగ ఇస్తమని మాటిచ్చినం. పట్టనోళ్లవి డిస్కు మీద పెట్టి, వంతొచ్చినప్పుడు లోపలికి తెచ్చుకుంటది. జర ఎక్కువయితే ఏం కాదు. శాన ఎక్కువయితే ఇగ తెచ్చుడు, పెట్టుడు, తెచ్చుడు, పెట్టుడు, అసలు పని చెయ్యదు. మా సేటు సుత గంతే చేసిండు సార్ అన్న నేను. ఎవలూ నవ్వలే. ప్రొఫెసరు సారు మాత్రం ఎన్ని మగ్గాలు ఎక్కించాడమ్మా అని అడిగిండు. నాలుగు అన్న. ఇక్కడ పన్నెండు అన్నడు.

పెద్దసారు సరే సరే అని, ఇక దీన్ని మూసేయండి అన్నడు. అర్ర బయటికి పోతాండు. నేను గల్మల నిలవడ్డ. మూసేద్దురు గని సార్, పుస్తకంల నా పేరు మీద రాసింది కొట్టేయుండ్రి అన్న. లాగు పుస్తకంల రాసింది కొట్టేయరాదు, రూలు అన్నడు. అయితె కింద ఇంకొకటి రాయుండ్రి అన్న. తర్వాత చూద్దాం అన్నడు. నేను ఇయ్యాల్ల ఈ అర్ర ఊడ్వలే సార్, నాకు శానసేపు పడతది, మీరు నిమ్మళంగ రాయుండ్రి అన్న. చీపురు అడ్డం పెట్టుకొని అట్లనే నిలవడ్డ. ఆయన మొకం ఎర్రగయింది. ఎనుక ఇరువై మంది చూస్తాండ్రు.

మేడం రాసింది. ఉన్న జాగ కంటె ఎక్కువ మిషన్లు పంచినందుకు ఆగింది, తొమ్మిదో నంబరుకు సంబంధం లేదు అని. గట్టిగ సదివిపిచ్చిన. ఆమె దస్కత్ పెట్టింది. పెద్దసారు నిలవడే, కూసోకుంటనే, కింద దస్కత్ పెట్టిండు.

అయిందనుకున్న. కాలే. నాలుగు దినాలకు ఆయనే నన్ను వరండాల ఆపిండు. ఈసారి గొంతు మెత్తగ ఉంది. కంపెనీ వాళ్లకు పన్నెండు ఇయ్యరాదని తేలింది గద, ఐదే ఇస్తున్నం, వాళ్లు ఇంకొక్కటి అడుగుతున్నరు, నీది ఇచ్చేయ్, నీకేం పని దానితోని, అక్షరాలు పలకమీద నేర్చుకోవచ్చు అన్నడు. నీ పర్మినెంటు సంగతి నేను చూస్త అని సుత అన్నడు.

ఇయ్య సార్ అన్న. ముందుగాల పంచిన తొమ్మిదిల నాదొకటి. తగ్గించాలంటె ఎనుక వచ్చినోళ్లను అడుగుండ్రి. పర్మినెంటు మీరు చూస్తే చూడుండ్రి, లేకుంటె నేనే దస్కత్ పెట్టి అడుగుత.

ఆయన ఇంకేదో అంటాండు. పగటి బువ్వ గంట కొట్టిండ్రు. అందరు హాస్టలుకు పోతాండ్రు. నాకున్నదే ఆ గంట. చీపురు గోడకు ఆనిచ్చి, చెప్పులు బయట ఇడిసి, ప్రింటరు ఎనుకకు పోయి నా మిషను మొదలువెట్టుకున్న.